ధనుష్కోటి: చివరి రైలు చేరుకోలేని స్టేషన్

రామేశ్వరం వెళ్లిన తెలుగువాళ్లలో చాలామంది ధనుష్కోటి కూడా చూసే వస్తారు. ఇటు సముద్రం, అటు సముద్రం, మధ్యలో రోడ్డు. దారిలో ఇసుకలో సగం కూరుకుపోయిన రాతి గోడలు కనిపిస్తాయి. ఒక చర్చి గోడ, ఒక నీళ్ల ట్యాంకు ఆనవాలు, పక్కనే ఇంకేవో మొండి గోడలు. జనం ఫొటోలు దిగుతారు, గవ్వల దండలు కొనుక్కుంటారు, వ్యాన్ ఎక్కేస్తారు.

ఆ మొండి గోడల్లో కొన్ని ఒకప్పుడు రైల్వే స్టేషన్‌వి. అది మారుమూల చిన్న స్టేషన్ కూడా కాదు. మద్రాసులో టికెట్ కొన్న మనిషి ఇక్కడ రైలు దిగి, ఓడ ఎక్కి, అవతలి దేశంలో మళ్లీ రైలెక్కి కొలంబోలో దిగేవాడు. సుమారు 50 ఏళ్లపాటు భారతదేశానికి, సిలోన్‌కి మధ్య ఇదే గుమ్మం. 1964 డిసెంబర్ 22 అర్ధరాత్రి దాటాక అది మూతపడింది. మళ్లీ తెరుచుకోలేదు.

అసలు సముద్రం మధ్యలో స్టేషన్ ఎందుకు కట్టారు? ఆ రాత్రి ఏం జరిగింది? 46 రోజుల్లో వంతెన బాగుచేసిన రైల్వే ఈ స్టేషన్‌ని మాత్రం ఎందుకు వదిలేసింది?

ఎక్కడుంది ఈ ఊరు?

తమిళనాడు రామనాథపురం జిల్లాలో మండపం దగ్గర ప్రధాన భూభాగం అయిపోతుంది. అక్కడి నుంచి సముద్రపు పాయ దాటితే పాంబన్ దీవి. రామేశ్వరం పట్టణం ఈ దీవి మీదే ఉంది. దీవి ఆగ్నేయ దిక్కున పొడుగ్గా, సన్నగా, ఒక తోకలాగా సముద్రంలోకి సాగుతుంది. ఆ తోక మీద ఉన్న ఊరే ధనుష్కోటి. రామేశ్వరం నుంచి దాదాపు 20 కిలోమీటర్లు. ఒకవైపు బంగాళాఖాతం, ఇంకోవైపు మన్నార్ సింధుశాఖ. శ్రీలంకలోని తలైమన్నార్ ఇక్కడికి 30 కిలోమీటర్లలోపే.

రాముడు తన వింటి కొనతో వారధిని తెంపిన చోటు ఇదని, అందుకే ధనుష్కోటి అనే పేరు వచ్చిందని హిందువుల నమ్మకం. ఇక్కడి నుంచి లంక వైపు సాగే ఇసుక దిబ్బల వరుసను వాళ్లు రామసేతు అంటారు. అదే వరుసకి ఆదం వంతెన అని కూడా పేరుంది. ఆదం అలైహిస్సలాం భూమ్మీద మొదట అడుగుపెట్టింది సరందీప్‌లో, అంటే నేటి శ్రీలంకలో అని ముస్లింలలో పాత నమ్మకం. రామేశ్వరంలో ఆబిల్, కాబిల్ పేరిట ఒక దర్గా కూడా ఉంది. ఒకే ఇసుక దారికి రెండు పేర్లు, రెండు కథలు. రెండూ ఇవాళ్టికీ బతికే ఉన్నాయి.

సముద్రంలో స్టేషన్ ఎందుకు?

దీనికి కారణం భక్తి కాదు, వ్యాపారం.

సిలోన్‌లో బ్రిటిష్ వాళ్లు మొదట కాఫీ, తర్వాత తేయాకు తోటలు వేశారు. ఆ తోటల్లో పనికి మనుషులు కావాలి. మద్రాసు ప్రెసిడెన్సీ దక్షిణ జిల్లాల్లో కరువు, అప్పులు, భూమి లేని జనం. అక్కడి నుంచి కూలీలు లక్షల్లో సిలోన్ వెళ్లారు. వాళ్లకి బియ్యం, పప్పులు, ఎండు మిరపకాయలు, బట్టలు కూడా ఇక్కడి నుంచే పోవాలి. మొదట్లో ఈ రాకపోకలు ఎక్కువగా తూత్తుకుడి రేవు నుంచి జరిగేవి. తూత్తుకుడి నుంచి కొలంబోకి స్టీమర్‌లో ఒక రాత్రంతా ప్రయాణం.

మ్యాప్ చూస్తే ధనుష్కోటి, తలైమన్నార్ మధ్య దూరం మరీ తక్కువ. రెండు వైపులా రైలు పట్టాలు సముద్రం దాకా తెస్తే మధ్యలో ఓడ ప్రయాణం కొన్ని గంటలతో అయిపోతుంది. రెండు దేశాల మధ్య నేరుగా రైలు వంతెనే కట్టేయాలని కూడా ఆలోచన చేశారు. ఖర్చు చూసి వెనక్కి తగ్గారు. చివరికి మధ్యేమార్గం ఎంచుకున్నారు. మండపం నుంచి పాంబన్ దీవికి మాత్రం వంతెన, దీవి చివర నుంచి లంకకి ఓడ.

అలా వచ్చిందే పాంబన్ వంతెన. 1914 ఫిబ్రవరిలో తెరిచారు. పొడవు 2 కిలోమీటర్లకి కొంచెం పైన, మొత్తం 146 కమానాలు. మధ్యలో షెర్జర్ స్పాన్ అనే భాగం ఉంది. ఓడ వస్తే ఈ భాగం రెండు రెక్కల్లాగా పైకి లేస్తుంది. దాన్ని కరెంటు మోటారుతో లేపేవాళ్లు కాదు, కార్మికులు చేతులతో చక్రాలు తిప్పి లేపేవాళ్లు. వందేళ్లకి పైగా అది అలాగే పనిచేసింది.

వంతెన దాటగానే పాంబన్ స్టేషన్ వస్తుంది. అక్కడ లైను రెండుగా చీలేది. ఒకటి రామేశ్వరానికి, ఇంకోటి ధనుష్కోటికి. ఇవాళ వినడానికి వింతగా ఉంటుందిగానీ, అప్పట్లో పెద్ద బండ్లు వెళ్లేది ధనుష్కోటికే. రామేశ్వరం పక్కకి చీలిన చిన్న లైను. డబ్బులొచ్చే మార్గం లంక మార్గం మరి.

ఒకే టికెట్ మీద రెండు దేశాలు

ఈ దారిలో నడిచిన రైలు పేరు ఇండో సిలోన్ ఎక్స్‌ప్రెస్. జనం మాత్రం బోట్ మెయిల్ అనే పిలిచేవాళ్లు. మద్రాసు ఎగ్మూరులో బయలుదేరి మీటర్ గేజ్ పట్టాల మీద ధనుష్కోటి చేరేది. సౌత్ ఇండియన్ రైల్వే కంపెనీ దీన్ని నడిపేది.

ధనుష్కోటిలో రైలు దిగగానే ఎదురుగానే రేవు. రైలు దగ్గర్నుంచి ఓడ దగ్గరికి నడిచి వెళ్లొచ్చు. మొదట్లో కర్జన్, ఎల్గిన్, హార్డింజ్ అనే స్టీమర్లు నడిచాయి. ముగ్గురూ వైస్రాయిలే. తర్వాతి కాలంలో ఇర్విన్, గోషెన్ వచ్చాయి. కొన్ని గంటల్లో తలైమన్నార్ రేవు. అక్కడ సిలోన్ రైల్వే బండి సిద్ధంగా ఉండేది. అది నేరుగా కొలంబో ఫోర్ట్ స్టేషన్‌కి తీసుకెళ్లేది. రైలు, ఓడ, మళ్లీ రైలు, అన్నిటికీ కలిపి ఒకటే టికెట్.

ఇంత రాకపోక ఉంటే ఊరు ఊరికే ఉండదు కదా. స్టేషన్ చుట్టూ కస్టమ్స్ ఆఫీసు, పోర్టు ఆఫీసు, పోస్టాఫీసు, చిన్న రైల్వే ఆస్పత్రి, స్కూలు, రైల్వే సిబ్బంది క్వార్టర్లు వచ్చాయి. గుడి, చర్చి ఉన్నాయి. యాత్రికులకి సత్రాలు, వ్యాపారులకి దుకాణాలు. చేపల ఎగుమతి ఒక పెద్ద వ్యాపారం. బెస్తవాళ్లు, కూలీలు, గుమాస్తాలు, అధికారులు అందరికీ ఆ స్టేషనే అన్నం పెట్టింది.

ఆ రైళ్లలో ఎవరు వెళ్లారు?

బోట్ మెయిల్ అనగానే ఫస్ట్ క్లాస్‌లో సూట్లేసుకున్న దొరలు గుర్తొస్తారు. నిజానికి ఈ దారిని నిలబెట్టింది థర్డ్ క్లాస్ జనం. అంటే తేయాకు తోటల కూలీలు.

మండపం దగ్గర సిలోన్ ప్రభుత్వం ఒక పెద్ద క్యాంపు నడిపేది. కలరా, మశూచి లాంటి రోగాలు లంకకి చేరకుండా కూలీలను ముందు ఇక్కడ ఆపేవాళ్లు. కొన్ని రోజులు ఉంచి, పరీక్షలు చేసి, టీకాలు వేసి, అప్పుడు రైలెక్కించి ధనుష్కోటి పంపేవాళ్లు. ఇవాళ్టికీ అక్కడి స్టేషన్ పేరు మండపం క్యాంప్. చాలామంది ఆ పేరు వెనక మిలిటరీ ఉందనుకుంటారు. దాని వెనక ఉన్నది ఈ కూలీల కథ.

ఇలా వెళ్లినవాళ్లలో ఎక్కువమంది తమిళులు. తరాలు గడిచాయి. వాళ్ల పిల్లలు అక్కడే పుట్టారు, మనవలు అక్కడే పెరిగారు. 1948లో సిలోన్‌కి స్వాతంత్ర్యం వచ్చింది. అదే ఏడాది తెచ్చిన పౌరసత్వ చట్టంతో వీళ్లలో అత్యధికులు ఏ దేశానికీ చెందని మనుషులుగా మిగిలిపోయారు. లంక మా వాళ్లు కాదంది. భారత్ కూడా వెంటనే మా వాళ్లే అనలేదు.

చివరికి 1964 అక్టోబర్ 30న లాల్ బహదూర్ శాస్త్రి, సిరిమావో బండారనాయకే ఒప్పందం చేసుకున్నారు. 5,25,000 మందిని భారత్ తీసుకోవాలి, 3,00,000 మందికి లంక పౌరసత్వం ఇవ్వాలి. మరో లక్షన్నర మంది సంగతి తర్వాత చూద్దామన్నారు. అంటే ఐదు లక్షల మంది తిరిగి రావాల్సిన దారి ధనుష్కోటే. ఒప్పందం మీద సంతకాలు అయ్యి రెండు నెలలు కూడా తిరగలేదు, ఆ దారే లేకుండా పోయింది.

రైల్లోంచి విసిరిన పేపర్లు

ఈ లైను పక్కన పెరిగిన ఒక కుర్రాడు దేశానికి రాష్ట్రపతి అయ్యాడు. ఆయనే ఏపీజే అబ్దుల్ కలాం. 1931లో రామేశ్వరంలో పుట్టారు, ఇల్లు మసీదు వీధిలో. తండ్రి జైనులాబ్దీన్ ఇమామ్‌గా ఉండేవారు, పడవ కూడా నడిపేవారు. రామేశ్వరం నుంచి ధనుష్కోటి వైపు వెళ్లే హిందూ యాత్రికులను ఆ పడవలో చేరవేసేవారు. కొడుకు చూస్తుండగానే ఆ పడవ చెక్క చెక్కగా తయారైంది. తర్వాత వచ్చిన ఒక పెద్ద తుఫాను దాన్ని పట్టుకుపోయింది. ఇవన్నీ కలాం తన ఆత్మకథలో రాసుకున్నారు.

రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యాక రామేశ్వరం స్టేషన్‌లో రైలు ఆపడం మానేశారు. మరి పేపర్లు ఎలా దిగాలి? రామేశ్వరం, ధనుష్కోటి మధ్య కదిలే రైల్లోంచే పేపర్ల కట్టలు కిందికి విసిరేవాళ్లు. ఊళ్లో పేపర్లు పంచే పని కలాం బంధువు శంసుద్దీన్‌ది. ఆయన ఒక్కడి వల్ల కాక చిన్న కలాంను తోడు తీసుకున్నారు. ఆ కట్టలు పట్టుకోవడమే కలాం మొదటి సంపాదన. అంతకుముందు యుద్ధం రోజుల్లో చింతగింజలకి గిరాకీ వస్తే అవి ఏరి మసీదు వీధి దుకాణంలో అమ్మేవారట. రోజంతా ఏరితే ఒక అణా.

ధనుష్కోటి రైలు అంటే ఆ దీవి జనానికి ఇదీ లెక్క. కూలీకి తోట, వ్యాపారికి సరుకు, కుర్రాడికి పేపరు కట్ట. అందరి బతుకూ ఆ పట్టాల మీదే.

1964 డిసెంబర్ 22 రాత్రి

డిసెంబర్ 17న దక్షిణ అండమాన్ సముద్రంలో ఒక వాయుగుండం పుట్టింది. రోజురోజుకీ బలపడి పడమర వైపు కదిలింది. 22న ఉత్తర సిలోన్‌ను దాటి పాక్ జలసంధిలోకి వచ్చింది. గాలి వేగం గంటకి 280 కిలోమీటర్ల దాకా ఉందని అంచనా. ఆ గాలికి సముద్రం లేచింది. అలలు 7 మీటర్ల దాకా వచ్చాయి. అంటే రెండంతస్తుల ఇంటి ఎత్తు. ధనుష్కోటి నేల సముద్రానికి ఎంతో ఎత్తులో లేదు, అది ఇసుక తిన్నె. అడ్డం ఏమీ లేదు.

ఆ రాత్రి 11 గంటల 55 నిమిషాలకి 653 నంబర్ పాంబన్ ధనుష్కోటి ప్యాసింజర్ పాంబన్‌లో బయలుదేరింది. ఆరు బోగీలు. రైల్వే లెక్క ప్రకారం 110 మంది ప్రయాణికులు, ఐదుగురు సిబ్బంది. టికెట్ లేకుండా ఎక్కినవాళ్లని కలిపితే సంఖ్య ఇంకా ఎక్కువే ఉంటుందని స్థానికులు అంటారు.

ధనుష్కోటి ఇంకా కొన్ని వందల గజాలే ఉంది. సిగ్నల్ పనిచేయలేదు. చుట్టూ చీకటి, వాన, గాలి. డ్రైవర్ కొంతసేపు ఆగాడు. సిగ్నల్ రాలేదు. చివరికి పెద్దగా విజిల్ వేసి బండిని ముందుకి కదిలించాడు. అప్పుడే ఒక పెద్ద అల వచ్చి రైలు మొత్తాన్ని కప్పేసింది. బండిలో ఎవరూ మిగల్లేదు.

ఇక్కడ ఒక పొరపాటు సరిచేయాలి. రైలు పాంబన్ వంతెన మీద నుంచి సముద్రంలో పడిందని చాలాచోట్ల రాస్తారు, గైడ్లు కూడా అలాగే చెప్తారు. అది నిజం కాదు. ఆ బండి బయలుదేరిందే వంతెన దాటాక వచ్చే పాంబన్ స్టేషన్‌లో. మునిగింది ధనుష్కోటి గడప దగ్గర. అదే రాత్రి వంతెన కూడా దెబ్బతినడంతో రెండు సంఘటనలు జనం నోట్లో ఒకటైపోయాయి.

ఊళ్లో పరిస్థితి కూడా అంతే. ఇళ్లు, స్టేషన్, ఆస్పత్రి, పోస్టాఫీసు, రేవు అన్నీ నీళ్లలో. మొత్తం చనిపోయినవాళ్లు 1,800 మంది దాకా ఉంటారని అంచనా. టెలిగ్రాఫ్ తీగలు తెగాయి, పట్టాలు కొట్టుకుపోయాయి, వంతెన విరిగింది. బయటివాళ్లకి జరిగింది పూర్తిగా తెలియడానికే సమయం పట్టింది. రామేశ్వరం గుడి దగ్గరికి చేరుకున్నవాళ్లు బతికిపోయారు.

ఆ రాత్రి రామేశ్వరంలో చిక్కుకున్నవాళ్లలో తెలుగువాళ్లకి బాగా తెలిసిన మనిషి ఒకరున్నారు. నటి సావిత్రి. భర్త జెమినీ గణేశన్‌తో కలిసి యాత్రకి వచ్చారు. ధనుష్కోటి చూసుకుని రామేశ్వరం తిరిగొచ్చేశారు కాబట్టి ప్రాణాలతో బయటపడ్డారు. అక్కడే ఇంకొంచెం ఆలస్యమై ఉంటే మహానటి కథ అక్కడితోనే ముగిసేదేమో.

46 రోజులు

పాంబన్ వంతెన 146 కమానాల్లో 120కి పైగా కమానాల గర్డర్లు సముద్రంలో పడిపోయాయి. ఓడల కోసం లేచే షెర్జర్ స్పాన్, స్తంభాలు మాత్రం నిలిచాయి. దేశంలోని పెద్ద పుణ్యక్షేత్రాల్లో ఒకదానికి దారి తెగిపోయింది.

బాగుచేయడానికి రైల్వే ఆరు నెలలు గడువు పెట్టుకుంది. పై అధికారి దాన్ని మూడు నెలలకి కుదించాడు. పని అప్పగించింది 32 ఏళ్ల ఒక యువ ఇంజనీర్‌కి. పేరు ఇ. శ్రీధరన్. తర్వాతి కాలంలో కొంకణ్ రైల్వే, ఢిల్లీ మెట్రో కట్టిన మెట్రో శ్రీధరన్ ఈయనే. కేరళ మనిషే గానీ ఇంజనీరింగ్ చదివింది మన కాకినాడలో, ఇవాళ జేఎన్‌టీయూ అయిన ప్రభుత్వ ఇంజనీరింగ్ కాలేజీలో.

కొత్త గర్డర్లు చేయించి తెప్పించాలంటే నెలలు పడుతుంది. ఈలోగా సముద్రంలో పడ్డ పాత గర్డర్లు ఎక్కడున్నాయో జాలర్ల సాయంతో తెలుసుకున్నారు. వాటిని పైకి లాగించి, మళ్లీ స్తంభాల మీద కూర్చోబెట్టారు. పని 46 రోజుల్లో అయిపోయింది. దీనికి రైల్వే మంత్రి అవార్డు వచ్చింది. ఇంజనీరింగ్ కాలేజీల్లో ఇవాళ్టికీ ఈ కథ చెప్తారు.

మరి స్టేషన్‌ని ఎందుకు వదిలేశారు?

46 రోజుల్లో సముద్రం మీద వంతెన నిలబెట్టగలిగినవాళ్లకి, దీవి మీద పట్టాలు వేయడం పెద్ద కష్టమా? చాలామందికి వచ్చే అనుమానమే ఇది. జవాబులో మూడు ముక్కలున్నాయి.

మొదటిది నేల. ధనుష్కోటిని సముద్రం తినడం 1964లో మొదలు కాలేదు. 1948, 49 ప్రాంతంలోనే మన్నార్ సింధుశాఖ వైపు దక్షిణ భాగం కుంగి నీళ్లలోకి పోయిందని భూగర్భ శాస్త్రవేత్తల అధ్యయనాలు చెప్తున్నాయి. తుఫాను తర్వాత అప్పటి మద్రాసు ప్రభుత్వం ఆ ఊరు మనుషులు ఉండటానికి పనికిరాదని ప్రకటించింది. మనుషులే ఉండకూడని చోట స్టేషన్ ఎవరి కోసం?

రెండోది లెక్క. రైల్వే ఏ లైనుకైనా వేసే లెక్క ఒకటే. ఖర్చెంత, రాబడెంత. రామేశ్వరానికి యాత్రికులు ఏడాది పొడుగునా వస్తారు, వంతెన ఖర్చు వాళ్ల టికెట్లలో తిరిగొస్తుంది. ధనుష్కోటి లైను రాబడి లంక ప్రయాణికుల మీద, సరుకు మీద ఆధారపడింది. స్వాతంత్ర్యం తర్వాత పాస్‌పోర్టులు, వీసాలు వచ్చాయి. కొత్త కూలీలు వెళ్లడం ఆగిపోయింది. రాబడి తగ్గుతూ వచ్చిన లైనుకి తుఫాను చివరి దెబ్బ వేసింది.

మూడోది ప్రత్యామ్నాయం. ఓడను రామేశ్వరం నుంచే నడపొచ్చని తేలింది. తలైమన్నార్‌కి ఓడలు అక్కడి నుంచే మొదలయ్యాయి. శాస్త్రి, సిరిమావో ఒప్పందం కింద తిరిగొచ్చిన తోటల కుటుంబాలు రామేశ్వరంలో దిగి, మండపం క్యాంపుకి చేరాయి. తాతలను టీకాలు వేసి పంపిన అదే క్యాంపు, మనవలను తిరిగి తీసుకుంది. 1980లలో లంకలో యుద్ధం ముదిరాక ఆ ఓడ కూడా ఆగిపోయింది. తర్వాత అదే మండపం క్యాంపు లంక నుంచి పారిపోయి వచ్చిన శరణార్థులకి నీడయ్యింది.

అలా చీలిక లైనైన రామేశ్వరం ప్రధాన లైను అయ్యింది. ప్రధాన లైనైన ధనుష్కోటి ఇసుకలో కలిసింది.

అవతలి ఒడ్డున ఏం జరిగింది?

తలైమన్నార్ లైను అంతర్యుద్ధంలో 1990లో ఆగిపోయింది. పట్టాలు లేచిపోయాయి, స్టేషన్లు పాడుబడ్డాయి. యుద్ధం అయ్యాక భారత్ ఇచ్చిన రుణంతో మళ్లీ వేశారు. 2015 మార్చిలో తలైమన్నార్‌కి రైలు తిరిగొచ్చింది. అంటే ఇవాళ అవతలి ఒడ్డున రైలుంది, ఇవతలి ఒడ్డున లేదు.

ఇటువైపు కూడా ప్రయత్నం జరిగింది. రామేశ్వరం నుంచి ధనుష్కోటికి సుమారు 17 కిలోమీటర్ల కొత్త లైను, 208 కోట్ల అంచనా. 2019 మార్చిలో ప్రధాని శంకుస్థాపన చేశారు. అయితే ఆ తీరం సున్నితమైనది. మన్నార్ సింధుశాఖలో పగడాల దిబ్బలున్నాయి, సముద్ర జాతీయ పార్కుంది, తాబేళ్లు గుడ్లు పెట్టే ఒడ్డుంది. భూమి ఇవ్వడానికి రాష్ట్ర ప్రభుత్వం సుముఖత చూపలేదు. ప్రాజెక్టు పక్కన పడింది.

రోడ్డు మాత్రం వచ్చింది. 2017లో దీవి చివర అరిచల్‌మునై దాకా తారు రోడ్డు తెరిచారు. అంతకుముందు ఇసుకలో ప్రత్యేక వ్యాన్లలో ఊగుతూ వెళ్లాల్సి వచ్చేది. ఇప్పుడు కార్లు, బస్సులు వరసకట్టి వస్తున్నాయి. పనికిరాని ఊరని ప్రకటించినా కొన్ని మత్స్యకార కుటుంబాలు అక్కడే పూరిపాకల్లో ఉంటూ వచ్చాయి. పర్యాటకులకి చేపలు వేయించి పెడతాయి, గవ్వలు అమ్ముతాయి. వాళ్లకి మంచినీళ్లు, కరెంటు, బడి లాంటివి ఏళ్ల తరబడి సమస్యలే. శిథిలాలు చూడటానికి వచ్చే వేలమందికి రోడ్డు వేయగలిగినప్పుడు, శిథిలాల మధ్య బతికేవాళ్ల సంగతి ఎవరు చూడాలన్న ప్రశ్న అలాగే ఉంది.

పాంబన్ పాత వంతెనకి కూడా విశ్రాంతి వచ్చింది. తుప్పు పట్టి, ప్రమాద సూచనలు రావడంతో 2022 డిసెంబర్‌లో దాని మీద రైళ్లు ఆపేశారు. పక్కనే 550 కోట్లకి పైగా ఖర్చుతో కొత్త వంతెన కట్టి 2025 ఏప్రిల్ 6న ప్రారంభించారు. దీంట్లో ఓడల కోసం 72.5 మీటర్ల భాగం లిఫ్ట్‌లాగా నిట్టనిలువుగా లేస్తుంది.

మనకి దీంతో ఏం పని?

ధనుష్కోటి కథలో అసలు ప్రశ్న డ్రైవర్ ఎందుకు ముందుకి వెళ్లాడన్నది కాదు. అతనికి చెప్పేవాళ్లు ఎందుకు లేరన్నది. ముందు పట్టాలున్నాయో లేదో, సముద్రం ఎక్కడిదాకా వచ్చిందో తెలిసే మార్గం అతనికి లేదు. అప్పటికి దేశానికి సొంత వాతావరణ ఉపగ్రహం లేదు. టెలిగ్రాఫ్ తీగ తెగితే కబురు ఆగిపోయేది.

ఆ తర్వాత పాంబన్ వంతెన మీద గాలి వేగం కొలిచే పరికరం పెట్టారు. దాన్ని సిగ్నల్‌కి కలిపారు. గాలి గంటకి సుమారు 58 కిలోమీటర్లు దాటితే సిగ్నల్ దానంతట అదే ఎరుపు అవుతుంది. స్టేషన్ మాస్టర్ చెప్పక్కర్లేదు, డ్రైవర్ ఊహించక్కర్లేదు. బండి ఆగిపోతుంది. చూడటానికి చిన్న మార్పు. కానీ నిర్ణయాన్ని చీకట్లో ఉన్న ఒక్క మనిషి మీద వదిలేయకపోవడమే అందులో ఉన్న గొప్పతనం.

ఈ పాఠం అన్నిచోట్లకీ చేరిందా? 1977 నవంబర్ 19న దివిసీమను ఉప్పెన ముంచింది. అధికారిక లెక్కల్లోనే పదివేల మంది దాకా చనిపోయారు. 2005 అక్టోబర్ 29 తెల్లవారుజామున నల్గొండ జిల్లా వలిగొండ దగ్గర రేపల్లె సికింద్రాబాద్ డెల్టా ప్యాసింజర్ వరదలోకి వెళ్లిపోయింది. పైన చెరువు తెగింది, పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, ఆ సంగతి డ్రైవర్‌కి చేరలేదు. వందమందికి పైగా ప్రాణాలు పోయాయి. ధనుష్కోటికీ వలిగొండకీ మధ్య 40 ఏళ్లు తేడా. ఉపగ్రహాలు వచ్చాయి, సెల్‌ఫోన్లు వచ్చాయి. అయినా కబురు ఆ చివరి కొన్ని వందల గజాలు దాటలేకపోయింది.

తుఫాన్ల విషయంలో మాత్రం మార్పు వచ్చింది. 2014లో హుద్‌హుద్ విశాఖ మీద పడినప్పుడు ముందే జనాన్ని తరలించారు, రైళ్లను ఆపేశారు, దారి మళ్లించారు. రైలు రద్దయిందని ఆ రోజుల్లో స్టేషన్లలో జనం విసుక్కున్నారు. రద్దైన ప్రతి రైలూ ధనుష్కోటి చేరే ప్రమాదం తప్పించుకున్న రైలే.

ఈసారి రామేశ్వరం వెళ్లినప్పుడు ఆ మొండి గోడల దగ్గర ఫొటో దిగే ముందు ఒక్క నిమిషం ఆగొచ్చు. తోటలకి వెళ్లిన లక్షలమంది ఆ ప్లాట్‌ఫాం మీదే దిగారు. పేపరు కట్ట కోసం ఒక కుర్రాడు ఎదురు చూసింది ఆ పట్టాల పక్కనే. స్టేషన్‌కి కొన్ని వందల గజాల దూరంలో ఒక రైలు విజిల్ వేసింది. జవాబిచ్చేవాళ్లు మాత్రం లేకపోయారు.